నేల మీది కాపురం, కాలికి క్యాలిపర్

ముంబైలో వర్లి బీడీడీ చాళ్లలో, అంటే ఒంటిగది ఇళ్ల వరుసల్లో, పెరిగిన మా తరానికి క్యాలిపర్ అంటే పోలియో పిల్లల కాలికుండే ఇనుప కడ్డీలు, తోలు బూటు. 2011 జనవరి తర్వాత దేశంలో వైల్డ్ పోలియో కేసు రాలేదు, కడ్డీలూ అరుదయ్యాయి. నాకు యాభై దాటాక ప్లాస్టిక్‌ది వచ్చింది. జబ్బు పేరు షార్కో-మారీ-టూత్. 1886లో పారిస్ డాక్టర్లు ఇద్దరు, ఇంగ్లండ్ డాక్టరు ఒకాయన దీని గురించి రాశారు. మోకాలి కింద కండ సన్నబడి పాదం వాలిపోతుంది. కొత్తగా క్యాలిపర్ తొడుక్కునే పిల్లలు అడిగితే నేను చెప్పే మాటలివి.

1. కాలి చెప్పు ఎక్కడో జారిపోయి, పది అడుగులు వేశాక గానీ తెలియడం లేదా? వయసు మీద పడిందని సరిపెట్టుకోవద్దు బిడ్డా, నరాల డాక్టరుకు చూపించు. ఇది వంశంలో వచ్చే జబ్బు. కొన్ని రకాల్లో తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం. కొన్ని రకాలు ఇద్దరి వైపు నుంచీ వస్తేనే బయటపడతాయి, మేనరికాల్లో వాటికి దారి ఎక్కువ. ముంబైలో ఉండి కూడా ఊళ్లోని మేనకోడలినే తెచ్చుకునే ఇళ్లు మనవి. సంబంధం మాట్లాడేటప్పుడు ఈ సంగతి దాచకండి.

2. మనకు హాజీ అలీ దగ్గరే అఖిల భారత భౌతిక వైద్య పునరావాస సంస్థ ఉంది, 1955 నాటిది. కాలికి ప్లాస్టర్‌తో అచ్చు తీసి, ఆ అచ్చు మీద వేడి చేసిన పాలీప్రొపిలీన్ రేకు పరిచి ఈ ప్లాస్టిక్ క్యాలిపర్, అంటే స్ప్లింట్, చేస్తారు. అచ్చు తీసేటప్పుడు మొహమాటం వద్దు. చీలమండ ఎముక ఎక్కడ పొడుచుకొస్తుందో, ఎక్కడ ఆనెకాయ ఉందో వేలు పెట్టి చూపించాలి. తయారయ్యాక గుచ్చుకున్నా ఆ చోట వేడి చేసి కొంచెం బయటికి నొక్కుతారు. అడగనివాళ్లే దాన్ని అటక మీద పడేస్తారు.

3. మొదటి రోజు ఓ గంట చాలు, తర్వాత కొద్దికొద్దిగా పెంచాలి. విప్పగానే చర్మం చూసుకోవాలి. ఎరుపు అరగంటలో పోతే సరే, పోకపోతే స్ప్లింట్ సరిచేయించాలి. ఈ జబ్బులో స్పర్శ తగ్గుతుంది. సాక్స్‌లో ఒక్క మడత పుండు చేసినా నొప్పి తెలియదు. అందుకే అద్దం నేల మీద పెట్టి, పాదం ఎత్తి అడుగుభాగం చూస్తాను. జూలై వానల్లో సంచీలో పొడి సాక్స్ జత ఉండాల్సిందే.

4. అసలు తిప్పలు ఇంట్లోనే. ఈ స్ప్లింట్ బూట్లు, కుర్చీలు ఉన్న ఇంటి కోసం పుట్టింది. మనవి 160 చదరపు అడుగుల గదులు. తినేది, పడుకునేది, మా ఆడవాళ్లు బీడీలు చుట్టింది అంతా నేల మీదే. జైపూర్‌లో 1968లో రామ్‌చంద్ర శర్మ, డాక్టర్ సేఠీ కలిసి కృత్రిమ పాదం చేసినప్పుడు మనవాడు గొంతుక్కూర్చుంటాడని, చెప్పుల్లేకుండా నడుస్తాడని ఆలోచించారు. మన స్ప్లింట్‌కు అలాంటి ఆలోచన ఎవరు చేశారో మరి! చీలమండ వంగనివ్వదు, గొంతుక్కూర్చోనివ్వదు. చాల్‌లో అందరి మరుగుదొడ్లూ ఒక్కచోటే, పైగా నేల మీదివే. మధ్యలో రంధ్రమున్న స్టూలు ఒకటి చేయించుకున్నాక ప్రాణం కుదుటపడింది. ఉత్త స్ప్లింట్‌తో గచ్చు మీద నడిస్తే జారతాం, కాబట్టి ఇంట్లోకి విడిగా ఒక జత బూట్లు పెట్టుకోవాలి. గడప లోపల బూట్లేమిటని మా అమ్మ నెలల తరబడి మాట్లాడలేదు. మెట్లు ఎక్కడం కన్నా దిగడం కష్టం, చెయ్యి రెయిలింగ్ మీద ఉండాలి. మా చాళ్ల బదులు టవర్లు కడుతున్నారు; 2025 ఆగస్టులో మొదటి 556 కుటుంబాలకు వాటిలో ఇళ్ల తాళాలిచ్చారు. లిఫ్టూ కమోడూ ఉన్నాయట. మా వంతు ఇంకా రాలేదు.

5. స్ప్లింట్ తొడిగితే కండ ఇంకా చచ్చిపోతుందని భయపెడతారు. వినకండి. పడి ఎముక విరిగి మంచం పడితే కండకు అంతకన్నా నష్టం. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ జబ్బు పేరు ముందే చెప్పండి. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు దీన్ని ఒక్కసారిగా ముదరబెట్టగలదు.

6. ప్యాంటు కింద స్ప్లింట్ కనిపించదు. లోకల్ రైల్లో దివ్యాంగుల డబ్బా ఎక్కితే కళ్లన్నీ మన మీదే. ప్యాంటు లేపి చూపించక్కర్లేదు, సర్టిఫికెట్ కార్డు జేబులో ఉంటే చాలు. చాల్‌లో మాత్రం అడగనివాళ్లుండరు. "యాక్సిడెంటా కాకా?" అంటారు. "నరాల జబ్బు, అంటుకోదు" అని చెప్పి బస్సెక్కేస్తాను.