గబ్బిలముల పటము

విద్యార్థులారా! భూగోళ పటమునందు పట్టణమునకొక చుక్క యుండుట మీరెఱుగుదురు. గబ్బిలములకును అట్టి పటములు కలవు. ఒక జాతి గబ్బిలము కానబడిన తావున ఒక చుక్క పెట్టుదురు. ఈ చుక్కలను సరిగా చదువ నేర్చినచో ఏ జాతిని ముందుగా కాపాడవలెనో తెలియును.

మన పొరుగున కర్ణాటక రాష్ట్రములో, తెలుగు మాటాడువారు అనేకులు గల కోలారు జిల్లాయందు, హనుమనహళ్లి యను గ్రామము కలదు. అచ్చటి రాతిగుహయే కోలారు ఆకుముక్కు గబ్బిలమునకు నివాసము. కాక్, భట్ అను శాస్త్రజ్ఞులు 1994లో దీనిని వేఱు జాతిగా వర్ణించిరి. పూర్వము రెండు గుహలలో నుండెడి యీ గబ్బిలము పిమ్మట ఒక్కదానిలోనే కానవచ్చెను. లెక్కించినవారికి 200కు లోపుగానే కనబడెను. తెలిసినంతవఱకు ప్రపంచ పటములో దీనికి ఒక్కటే చుక్క. ఆ చుట్టుపట్ల రాతిని పగులగొట్టు పని సాగుటచే గుహకే అపాయము కలిగెను. ఆ గుహ కూలెనేని ఒక జాతి యంతయు నశించును. కావుననే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు 2016లో దీనిని మిక్కిలి అపాయస్థితిలోనున్న జాతులలో చేర్చిరి.

అయితే చుక్క లేనిచోట గబ్బిలము లేదని చెప్పవచ్చునా? చెప్పరాదు. రాటన్ విడితోక గబ్బిలము మన దేశమున బెళగావి ప్రాంతపు బారాపేడే గుహలలో మాత్రమే కలదని చిరకాలము తలచిరి. అది మేఘాలయలోను కలదని 2002లో ప్రకటింపబడెను. పటములోని ఖాళీ, వెదకని చోటును కూడ తెలుపునని దీనివలన గ్రహింపుడు.

చీకటిలో నెగురు ప్రాణిని ఎట్లు గుర్తింతురు? పురుగులను తిను గబ్బిలములు మన చెవికి వినరాని ధ్వనులు చేయుచు, వాని ప్రతిధ్వనులచే దారిని, ఆహారమును తెలిసికొనును. ఆ ధ్వనులను యంత్రముతో గ్రహింతురు. ధ్వని పోలిన జాతులను వలతో పట్టి, కొలిచి, విడిచిపెట్టుదురు. తేదీని, అక్షాంశ రేఖాంశములను వ్రాసికొందురు. పిమ్మట వర్షము, ఉష్ణము, గుహలు, అడవులు చూపు పటములతో పోల్చి, ఇంకెచ్చట వెదకవలెనో యూహింతురు. పోయి కన్నులార చూచిన పిదపనే చుక్క పెట్టవలెను.

సెలవులలో మీరును మీ గ్రామపటము గీయుడు. పాత మఱ్ఱిచెట్టు, పాడుబడిన ఇల్లు, దిగుడుబావి గుర్తింపుడు. గబ్బిలములున్నచోట చుక్కయు, వెదకినను కానరానిచోట సున్నయు పెట్టుడు. వెదకనిచోటును ఖాళీగా విడువుడు. పెద్దలతో కూడ పోయి దూరమునుండియే చూడుడు. వానిని తాకకుడు, దీపము వేసి బెదరింపకుడు. తేదీ వ్రాయ మఱువకుడు. మఱుసటి యేడు అదే కాలమున మరల చూడుడు. చుక్క యున్నచోట సున్న వచ్చినచో, అచ్చట చెట్టు కొట్టిరో, రాయి తీసిరో విచారించి తరగతిలో చెప్పుడు.