పట్టాలో జన్యువు ఉంటే కొలువు వస్తుందా?

నీట్‌లో సీటు రాదని తేలగానే బైపీసీ పిల్లల తల్లిదండ్రులు చాలామంది ‘జెనెటిక్ ఇంజినీరింగ్’ అని పేరున్న బీటెక్ కోసం ప్రైవేటు కాలేజీల చుట్టూ తిరుగుతారు. రేపటి వైద్యమంతా జన్యువులదే కాబట్టి పట్టాలో ఆ మాట ఉంటే చాలని వాళ్ల నమ్మకం. మొదటి మాటలో నిజం లేకపోలేదు. రెండోదాన్ని నమ్మి లక్షలు అప్పు చేయడమే నాకు మింగుడుపడదు.

ఆ రంగంలో పని ఎలా ఉంటుందో చూడండి. ఒకే బ్యాక్టీరియా సోకితే ఒకరు జ్వరంతో బయటపడతారు, మరొకరు సెప్సిస్‌తో ఐసీయూకి చేరతారు. ఎందుకు? ఈ-కొలై వంటి బ్యాక్టీరియా పైపొరలోని ఎండోటాక్సిన్‌ను మన కణాలు టీఎల్ఆర్4 అనే గ్రాహకంతో పసిగట్టి ఇన్‌ఫ్లమేషన్ మొదలుపెడతాయి. ఈ విషానికి చలించని ఒక రకం ఎలుకల్లో ఆ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు ఒకచోట మారి ఉందని బ్రూస్ బ్యూట్లర్ బృందం 1998లో తేల్చింది. 2011 నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది. విషాన్ని తట్టుకున్న ఆ ఎలుకలే సాల్మొనెల్లా సోకితే తేలిగ్గా చచ్చిపోతాయి. మంచి జన్యువు, చెడ్డ జన్యువు అని గీత గీయడం అంత సులువు కాదు. ఈ జన్యువులో తేడా ఉన్న మనుషుల్లో కొందరికి, పీల్చిన ఎండోటాక్సిన్‌కు స్పందన తక్కువని 2000లో ఒక అధ్యయనం చూపింది. తీరా టీఎల్ఆర్4ను అడ్డుకునే ఎరిటోరాన్ మందును దాదాపు 2,000 మంది సెప్సిస్ రోగులపై పరీక్షిస్తే, మరణాలు తగ్గలేదని 2013లో వెల్లడైంది. ఇలాంటి చిక్కుముడి విప్పడానికి ఇమ్యునాలజీతో పాటు గట్టి స్టాటిస్టిక్స్ కావాలి. మన బైపీసీ పిల్లలు పదో తరగతితోనే లెక్కలు వదిలేస్తున్నారు. నీట్ లాంగ్‌టర్మ్ పేరుతో మూడో ఏడాది కూడా హాస్టల్లో పడేసే డబ్బు, కాలం ఆ లోటు పూడ్చడానికి పెట్టొచ్చు. పిల్లలకూ కాస్త ఊపిరాడుతుంది.

‘ఉత్త బీఎస్సీకి ఉద్యోగం ఎవరిస్తారు?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఈ పరిశోధనలో నిలబడాలంటే బీటెక్ చేసినవాళ్లూ పీజీ, పీహెచ్‌డీ దాకా వెళ్లాల్సిందే. అలాంటప్పుడు మొదటి మెట్టుకే ఇల్లు గుల్ల చేసుకోవడం దేనికి? ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ లేదా బయోకెమిస్ట్రీ, తర్వాత జామ్ లేదా గాట్-బీ ప్రవేశ పరీక్ష ద్వారా ఎమ్మెస్సీ, ఆపై నెట్ పరీక్ష: నేను చెప్పే దారి ఇదే. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000 అందుతుంది; హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ వంటి పరిశోధన సంస్థలు ఉన్నాయి. డిగ్రీ కాగానే జీతం తప్పనిసరైన ఇంటి పిల్లలకు మాత్రం ఇది చెప్పను. వాళ్లకు మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ నయం.

ఫీజు కట్టేముందు, గత మూడు బ్యాచ్‌ల విద్యార్థులు ఎక్కడ పనిచేస్తున్నారో రాతపూర్వకంగా ఇమ్మని కాలేజీని అడగండి. ఇవ్వకపోతే ఆ కాలేజీ వద్దు.