ఎనిమిది ముఖాల క్లచ్

క్లచ్ లెక్క మనందరికీ తెలిసిందే. టార్క్ ఈజ్ ఈక్వల్ టు ఎన్ మ్యూ డబ్ల్యూ ఆర్ అని రాసి, అంకెలు వేసి, జవాబు కింద రెండు గీతలు గీసేస్తాం. అందులో ఆ 'ఎన్' ఎందుకుందో నాకు మొన్న సెలవుల్లో మామయ్య 100 సీసీ బండి ఇంజిన్ దింపినప్పుడు బాగా అర్థమైంది.

పొగ వస్తోందని దింపాం. బోరు, రింగుల పని లేత్ షాపువాళ్లు చూసుకున్నారు. కానీ మామయ్యకు ఇంకో బాధ ఉంది. పాలక్యాన్లతో చెరువుకట్ట ఎక్కేటప్పుడు ఇంజిన్ రయ్యిమంటుంది, బండి మాత్రం ముందుకు పోదు. రింగులు మార్చితే అదీ పోతుందని ఊళ్లో అందరూ అన్నారు. పోదు. రింగులు అరిగితే బలం తగ్గుతుంది, అంతే. గేరు మారకుండా ఇంజిన్ వేగం పెరిగి చక్రం వేగం పెరగలేదంటే, మధ్యలో ఏదో జారుతున్నట్టే.

కుడివైపు కవరు తీస్తే నూనెలో మునిగి క్లచ్ కనిపిస్తుంది. క్రాంక్ మీది చిన్న గేరు క్లచ్ హౌసింగ్‌ని తిప్పుతుంది. ఫ్రిక్షన్ ప్లేట్ల చెవులు ఆ హౌసింగ్ గాళ్లలో కూర్చుంటాయి. వాటి మధ్యనున్న స్టీల్ ప్లేట్ల పళ్లు లోపలి హబ్‌ని పట్టుకుంటాయి, హబ్ గేర్‌బాక్స్ షాఫ్ట్‌ని తిప్పుతుంది. వీటన్నిటినీ నొక్కి పట్టేది స్ప్రింగులు. లివర్ నొక్కితే మనం చేసేది ఆ పట్టు విడిపించడమే.

ఫ్రిక్షన్ ప్లేట్లు 4, స్టీల్‌వి 3, రెండు చివర్లా హబ్ అంచు, ప్రెషర్ ప్లేటు. రాపిడి ముఖాలు 8. ఇప్పుడు లెక్క వేద్దాం. ఇంజిన్ టార్క్ 8 న్యూటన్ మీటర్ల లోపే అయినా ప్రైమరీ గేర్లు పెంచాక క్లచ్ దగ్గర 30 అనుకోండి. నూనెలో మ్యూ 0.1, సగటు వ్యాసార్థం 45 మి.మీ. అనుకుంటే స్ప్రింగులు సుమారు 830 న్యూటన్లతో, అంటే 85 కిలోల బరువంత, నొక్కితే చాలు. అదే ఒక్క ప్లేటు, రెండు ముఖాలైతే 340 కిలోలు కావాలి. ట్రాఫిక్‌లో ఆ లివర్ ఎవడు నొక్కుతాడు?

అయితే ఈ సుఖం ఊరికే రాదు. లివర్ నొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటు 2 మి.మీ. లేచిందనుకుంటే, ఆ ఖాళీని ఎనిమిది ముఖాలూ పంచుకోవాలి. ఒక్కోదానికి పావు మిల్లీమీటరు. ఒక స్టీల్ ప్లేటు కాస్త వంగినా ఆ ఖాళీ పోతుంది. అప్పుడు లివర్ నొక్కి పట్టుకున్నా బండి ముందుకు పాకుతుంది, న్యూట్రల్ దొరకదు. అందుకే స్టీల్ ప్లేట్లను ఒక్కొక్కటీ అద్దం ముక్క మీద పెట్టి, అంచు కింద ఫీలర్ గేజ్ దూర్చి చూశాం. హౌసింగ్ గాళ్లలో చెవులు కొట్టుకుని పడ్డ గుంటలు కూడా వేలికి తగలకూడదు. తగిలితే ప్లేట్లు అక్కడ ఇరుక్కుని విడిపోవు.

స్ప్రింగుల కింద వాషర్లు వేస్తే జారడం ఆగుతుందని ఒక పెద్దాయన సలహా ఇచ్చాడు. నాకు నచ్చలేదు. లివర్ బిగుసుకుంటుంది, అరిగిన ప్లేటు అరిగినట్టే ఉంటుంది. వెర్నియర్‌తో స్ప్రింగుల పొడవు, ప్లేట్ల మందం కొలిచి మాన్యువల్‌లోని హద్దుతో పోల్చాం. ఫ్రిక్షన్ ప్లేట్లు హద్దు దాటాయి. కొత్తవి నూనెలో నానబెట్టి వేశాం, పొడిగా వేస్తే మొదటి తిప్పులోనే మాడతాయి. నూనె డబ్బా మీద జాసో ఎంఏ అని ఉండాలి. కార్ల నూనెల్లో చాలావాటికి రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, ఇక్కడ మనకు కావలసింది ఆ రాపిడే.

చివరికి కేబుల్. లివర్ కొస దగ్గర 10 నుంచి 20 మి.మీ. వదులు ఉంచాం. మామయ్య బిగించమన్నాడు గానీ, వదులు లేకపోతే లివర్ ఎప్పుడూ కొంచెం నొక్కినట్టే, కొత్త ప్లేట్లు కూడా జారుతాయి.