నాట్ల ముఠాలో ఎవరికి ఏ పని?

నాట్ల రోజున రైతు చూపంతా పొద్దుగూకే లోపు ఎన్ని మళ్లు పూర్తవుతాయన్న దాని మీదే ఉంటుంది. పని సాగకపోతే కూలీలు ఒళ్లు వంచడం లేదంటాం. చాలాసార్లు లోపం మనుషుల్లో ఉండదు, పని పంచడంలో ఉంటుంది.

నారు పీకి కట్టలు కట్టడం, మోయడం, నాటడం, నాటినది సరిచూడటం - ఇవన్నీ కలిస్తేనే నాటు. పని మొదలైన గంటకు గట్టు మీద నిలబడి గమనించండి. నారుమడి గట్టున కట్టలు పేరుకుంటే మోసే మనిషి చాలలేదు. నాటేవారు నడుం మీద చేయి వేసుకొని కట్టల కోసం ఎదురుచూస్తుంటే, నారుమడిలోనూ కట్టలు లేకపోతే, పీకేవారు తక్కువ. చేలో కట్టలు మిగిలిపోతుంటే నాటేవారు తక్కువ. మిగిలిన నారు మరునాటికి వాడిపోతుంది, నాటినా త్వరగా నిలదొక్కుకోదు.

లెక్క మీ చేలోనే తేల్చుకోవచ్చు. మీ మనిషి గంటకు 30 కట్టలు పీకుతూ, నాటే మనిషి 10 కట్టలు నాటుతోందనుకుందాం. ముఠాలో 12 మంది ఉంటే ముగ్గురు పీకాలి, ఒకరు మోయాలి, 8 మంది నాటాలి. నారుమడి దూరమైతే ఒకరిని నాటు నుంచి తప్పించి మోతకు ఇవ్వాలి. పొద్దున్నే కాసేపు అందరూ పీకి, కొన్ని కట్టలు ముందుగా చేలో వేసుకుంటే నాటు ఆగదు.

ఇక అసలు సంగతి సరిచూడటం. దీనికి మనిషిని పెట్టేవారు తక్కువ. గుత్తకు ఇచ్చిన చేలో ఇది మరీ అవసరం. ఎకరానికి ఇంతని మాట్లాడుకున్న ముఠా తొందరగా ముగించాలని చూస్తుంది, నాటు పల్చబడుతుంది. అందులో వారి తప్పేమీ లేదు, బేరం అలాంటిది! చదరపు మీటరుకు సార్వాలో 33, దాళ్వాలో 44 కుదుళ్లు ఉండాలని బేరంలోనే చెప్పాలి. మీటరు పొడవు కర్రలు నాలుగు చతురంగా కట్టి, మడికి నాలుగైదు చోట్ల వేసి లెక్కపెట్టాలి. 33 ఉండాల్సిన చోట 22 ఉంటే మూడో వంతు కుదుళ్లు పోయినట్టే. ఆ మాట మడి పూర్తయ్యాక కాదు, మొదటి రెండు వరుసలకే చెప్పాలి. కుదురుకు రెండు మూడు మొక్కలు, పైపైన నాటడం, ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయడం కూడా ఈ మనిషే చూడాలి.

ఈ పనికి నడుం వంగని పెద్దావిడ ఎంతో నయం. ఏళ్ల తరబడి నాటిన కన్ను ఆమెది. "అమ్మాయ్, అక్కడ పల్చన పడింది" అని ఆమె అంటే ముఠా వింటుంది, రైతు అంటే విసుక్కుంటుంది. కూలి మాత్రం తగ్గించకూడదు.

కూలి మాట వచ్చింది కనుక ఒకటి. చాలా ఊళ్లలో మోసే మగవారికి ఎక్కువ, నాటే ఆడవారికి తక్కువ ఇస్తారు. రోజంతా బురదలో వంగి పంటను నిలబెట్టే చేతికి తక్కువ ఎందుకో ఎవరూ చెప్పరు. ఆ తేడా ఉన్నంతకాలం మోతకు ఇద్దరు ముందుకొస్తారు, నాటుకు మనిషి దొరకదు.