పల్లెపాట

నా చిన్ననాట మా యింటి పెరటిలో ఒక పెద్ద రోలుండెడిది. అప్పటికే మా యూరికి పిండిమర వచ్చినది. అయినను పండుగ అరిసెలకు కావలసిన పిండిని మా నాయనమ్మ రోటిలోనే దంచెడిది. ఆమెయు, పొరుగింటి యామెయు ఎదురెదురుగా నిలిచి, ఒకరి రోకలి లేచినప్పుడు మఱియొకరి రోకలి పడునట్లు దంచుచు పాడెడివారు. నాయనమ్మ చరణము నెత్తుకొనును. పొరుగామె "సువ్వి" యని వంత పలుకును. రోకటిపోటే వారికి తాళము. పాట తప్పినచో పోటు తప్పును. పోటు తప్పినచో రోకళ్లు రెండును తాకుకొనును. ఆ పాట ప్రొద్దుపోవుటకై పాడినది కాదు. పనిలో పుట్టి, పనిచేయు చేతులకు బలమిచ్చిన పాట అది. రోటి ప్రక్కన కూర్చుండి, బెల్లపుముక్క చప్పరించుచు నేను దానిని వినుచుండెడివాడను. నీకు మిక్కిలి ప్రియమైన పాట యేదని నేడెవరైన నన్నడిగినచో, ఆ దంపుడుపాటయే యని చెప్పుదును.

పల్లెలో ఇట్లే పెక్కు పనులకు పాటలుండెడివి. నాట్లు వేయువారు, కలుపు తీయువారు, ఏతము త్రొక్కువారు, బండి తోలువారు తమ తమ పనికి తగిన నడకలో పాడుకొనెడివారు. తెలంగాణమున బతుకమ్మ పండుగనాడు స్త్రీలు పూలప్రోవు చుట్టును తిరుగుచు, ఒకరు పాడగా తక్కినవారెల్లరు "ఉయ్యాలో" యని యందుకొందురు. ఇట్టి పాటలలో పాడువారు వేరు, వినువారు వేరు అను భేదము లేదు. ఎత్తుకొనువారొకరు, అందుకొనువారు పలువురు.

ఈ సంగతి నాకు తేటపడినది ఒక బుఱ్ఱకథ రాత్రియందు. అప్పుడు నేను మీవలెనే ఎనిమిదవ తరగతి చదువుచుంటిని. సంక్రాంతి దినములలో రామాలయము ముందర వేదిక కట్టి, పల్నాటి వీరుల కథ చెప్పించిరి. బుఱ్ఱకథకు మువ్వురు కావలెను. నడుమ నిలుచు కథకుడు భుజమున తంబురా ధరించి, చేతి యందెలు మ్రోగించుచు, అడుగులు వేయుచు కథ నడపును. ఇరుప్రక్కలవారు గుమ్మెటలు వాయించుచు "తందాన" యని వంత పాడుదురు. వారిలో నొకడు హాస్యము చెప్పును. మఱియొకడు లోకవ్యవహారములను ప్రస్తావించును. గుంటూరు జిల్లా పొన్నెకల్లున జన్మించిన షేక్ నాజరు (1920–1997) ఈ కళకు మిక్కిలి ప్రఖ్యాతి తెచ్చెను. 1986లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీ పురస్కారముతో గౌరవించినది. మా యూరికి వచ్చినవారు అంతటి ప్రసిద్ధులు కారు. ప్రక్క గ్రామపు వ్యవసాయదారులే.

కథ మంచి పట్టులో నుండగా విద్యుద్దీపము లాఱిపోయెను, మైకు మూగవోయెను. వెనుకనున్నవారు లేవబోయిరి. అంతలో కథకుడు వేదిక దిగి, జనము నడుమకు వచ్చి నిలిచెను. ఎవరో రెండు లాంతరులు తెచ్చిరి. చివర కూర్చున్న ముసలివారికిని ఆయన గొంతు వినబడునంతటి నిశ్శబ్ద మేర్పడెను. వంతపాటవారితోపాటు మేమందఱమును "తందాన" యంటిమి. బాలచంద్రుడు యుద్ధమునకు వెడలు ఘట్టమున మా నాయనమ్మ కన్నులు తుడుచుకొనెను. అది ఆమె పలుమాఱులు విన్న కథయే. ముందేమి జరుగునో ఆమెకు తెలియును. అయినను ఎదుట నిలిచి పాడు మనుష్యుని కంఠము ఆ దుఃఖమును క్రొత్తదిగా చేసినది.

ఇట్టి పాటను విన్న నేనే, తెలుగు పండితుడనైన పిదప ఒక తప్పు చేసితిని. పాఠశాల వార్షికోత్సవమున పాడువారిని ఎంచుచుండగా, ఒక బాలుడు తన తల్లి నాట్లలో పాడు పాట నెత్తుకొనెను. రెండు చరణములు ముగియగానే నేను, "ఈ మోటుపాట లిచ్చట వలదు, పద్యము వచ్చిన పాడుము" అంటిని. వాడు తలవంచుకొని పోయెను. మఱి యెన్నడును బడిలో పాడలేదు. ఆ పాటలోని మిగిలిన చరణము లెట్టివో నేటికిని నే నెఱుగను.

కొంతకాలమునకు బిరుదురాజు రామరాజుగారి "తెలుగు జానపద గేయ సాహిత్యము" నా చేతికి వచ్చినది. ఆయన ఈ పాటలపై పరిశోధించి 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి డాక్టరేటు పొందినవారు. ఆ దారిలో చదువగా చదువగా నా కన్నులు తెఱచుకొన్నవి. పదుమూడవ శతాబ్దిలోనే పాల్కురికి సోమనాథుడు తుమ్మెదపదములను, వెన్నెలపదములను పేర్కొనియున్నాడు. తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) సువ్విపాటలు రచించియున్నాడు. మా పెరటి రోటికడ వినబడిన "సువ్వి"ని ఆ మహానుభావుడు వేంకటేశ్వరుని సన్నిధికి కొనిపోయెను; నేనో, పల్లెపాట పాడిన బాలుని నోరు మూయించితిని!

నాయనమ్మ పాటనైనను వ్రాసికొందమని మా యూరికి పోతిని. ఆమె గతించి అప్పటికి ఆఱేండ్లైనది. నాకు పల్లవియు, ఒకటిన్నర చరణమును మాత్రమే జ్ఞప్తికి వచ్చినవి. పొరుగామె నడిగితిని. ఆమె చాలసేపు ఆలోచించి, "నాకు వంతే వచ్చు బాబూ! ఎత్తుకొనేది మీ నాయనమ్మగారు. ఆమె అంటే నేను అందుకొనేదాన్ని" అనెను. పాటలో సగము ఆమెకడ నిలిచియున్నది. దానిని పిలుచు సగము పోయినది.

బాలబాలికలారా! నేడు పాటను పట్టియుంచు ఫోనులు మీ యిండ్లలో నున్నవి. నాయనమ్మ పాడిన దినములలో మాకవి లేవు. మీ అవ్వయో, తాతయో పాడునప్పుడు ఆ కంఠమును పదిలపఱచుడు. ఆ పాట ఏ పనిలో పాడుదురో, ఎవరియొద్ద నేర్చిరో అడిగి వ్రాసికొనుడు. అంతటితో తృప్తి చెందకుడు. యంత్రము చరణమును దాచగలదు గాని, వారికి వంత పలుకజాలదు. వారి ప్రక్కన కూర్చుండి మీరే అందుకొనుడు. అందుకొన్న పాటను ఒకనాడు మీరే ఎత్తుకొనుడు.