పరీక్షలన్నీ బాగున్నా గుండె దడ ఎందుకు? ఆందోళన గురించి చైనా వైద్యం చెప్పే మాట

"ఇ.సి.జి. బాగానే ఉందన్నారు, రక్త పరీక్షలూ బాగానే ఉన్నాయన్నారు. మరి ఈ దడ ఎందుకు డాక్టరు గారూ?" మా ఓ.పి.లో ఈ ప్రశ్న వినని వారం ఉండదు. "మీకేమీ లేదు, ఊరికే కంగారు పడుతున్నారు" అనే జవాబుతో ఇంటికి వెళ్ళినవారికి దడ తగ్గదు సరికదా, తాము లేని జబ్బు చెప్పుకుంటున్నామని ఇంట్లోవాళ్ళు అనుకుంటారేమోనన్న సిగ్గు కూడా తోడవుతుంది. మా ఆసుపత్రిలో చైనా వైద్యం చేయము. అయినా ఆందోళనను ఆ వైద్యం చూసే తీరులో ఇలాంటి రోగులకు పనికివచ్చే సంగతి ఉంది కనుక ఈ నెల దాని గురించి తెలుసుకుందాం.

చైనా వైద్యానికి మూలమైన 'హువాంగ్‌డి నేజింగ్' అనే గ్రంథం సుమారు రెండు వేల సంవత్సరాల నాటిది. పసుపు చక్రవర్తి అడిగిన ప్రశ్నలకు ఆయన వైద్యుడు చి బో ఇచ్చిన జవాబుల రూపంలో ఉంటుంది. దానిలో మనసు వేరు, శరీరం వేరు అన్న గీత కనిపించదు. సంతోషానికి గుండె, కోపానికి కాలేయం, అతిగా ఆలోచించడానికి ప్లీహం, దుఃఖానికి ఊపిరితిత్తులు, భయానికి మూత్రపిండాలు స్థానాలని చెప్తుంది. ఏ ఉద్వేగమైనా హద్దు మీరితే శరీరంలో ప్రవహించే 'చి' అనే ప్రాణశక్తి దారి తప్పుతుందట. కోపంలో అది పైకి లేస్తుంది, భయంలో కిందికి జారుతుంది, ఒకే ఆలోచన పట్టుకుని కూర్చుంటే ముడి పడిపోతుంది. గుండె జారిపోయిందనీ, కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టుందనీ, ముద్ద గొంతు దిగడం లేదనీ మనమూ అంటాం కదా!

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ వైద్యంలో మూత్రపిండం, ప్లీహం అన్న మాటలకు మన స్కానింగులో కనిపించే అవయవాలని మాత్రమే అర్థం కాదు. అవి కొన్ని పనుల సముదాయానికి పెట్టిన పేర్లు. ఆక్యుపంక్చర్ చేసే వ్యక్తి నాడి చూసి "మీ కిడ్నీ బలహీనంగా ఉంది" అంటే క్రియాటినిన్ పెరిగిందని కాదు. ఆ ఒక్క మాటకే నిద్ర మానుకున్నవారున్నారు!

గుండెలో 'షెన్' నివసిస్తుందని చైనా వైద్యుల భావన. మన మాటల్లో తెలివి, స్పృహ, మనశ్శాంతి అన్నీ కలిసినది. కింద మూత్రపిండాల నీరు పైకి వచ్చి గుండెలోని అగ్నిని చల్లబరచాలి, ఆ అగ్ని కిందికి దిగి నీటిని వెచ్చగా ఉంచాలి. ఈ రాకపోకలు ఆగితే షెన్‌కు నిలకడ ఉండదు. అప్పుడు దడ, కలత నిద్ర, అరచేతుల వేడి వస్తాయంటారు. అందుకే ఆందోళన అని వచ్చిన ఇద్దరికి ఒకే చికిత్స ఉండదు. నాలుక రంగు, రెండు మణికట్ల దగ్గర నాడి, ఆకలి, నిద్ర, విరేచనం అన్నీ అడిగి తెలుసుకుంటారు. ఇంత ఓపికగా వినడమే సగం ఉపశమనం అని మాకు అనిపిస్తుంది.

పరుగెత్తే పందిపిల్ల

సుమారు 1800 సంవత్సరాల క్రితం జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు ఒక బాధను వర్ణించాడు. పొత్తికడుపులో ఏదో మొదలై గొంతుదాకా దూసుకువస్తుంది, రోగికి ఇక చచ్చిపోతున్నాననిపిస్తుంది, కాసేపటికి అదే సర్దుకుంటుంది. భయం వల్ల, ఉలికిపాటు వల్ల ఇది వస్తుందన్నాడు. దీని పేరు 'పరుగెత్తే పందిపిల్ల'. నేడు పానిక్ ఎటాక్ అని మేము చెప్పేది చాలామటుకు ఇదే. గొంతులో మాంసపు ముక్క అడ్డుపడినట్టుండే బాధను కూడా ఆయన రాశాడు. ఎండోస్కోపీలో ఏమీ కనిపించని ఆ 'అడ్డు'తో నేటికీ మా దగ్గరకు వస్తున్నారు.

అమెరికా మానసిక వైద్యుడు ఆర్థర్ క్లైన్‌మన్ చైనాలోని హునాన్‌లో 'నరాల బలహీనత' అని పేరుపడిన 100 మందిని పరిశీలించి 1982లో ఆ వివరాలు ప్రచురించాడు. వారు చెప్పుకున్నది ఎక్కువగా తలనొప్పి, నిద్రలేమి, నీరసం. కాని చాలామందిలో ఉన్నది డిప్రెషన్. మన ఊళ్ళలోనూ 'నరాల బలహీనత' అంటూ టానిక్కులు తాగేవారు ఎందరో!

మరి చికిత్స సంగతి?

ఆక్యుపంక్చర్ వల్ల ఆందోళన కొంత తగ్గినట్లు కొన్ని పరిశోధనలు చూపినా, గట్టి ఆధారాలు ఇంకా తక్కువే. మణికట్టు లోపలివైపు ముడత నుండి మూడు వేళ్ళ వెడల్పు పైన, రెండు స్నాయువుల మధ్య 'నేగువాన్' అనే స్థానం ఉంటుంది. దడగా ఉన్నప్పుడు అక్కడ బొటనవేలితో మెల్లగా నొక్కుతూ, ఊపిరి నిదానంగా వదలడం వల్ల నష్టమేమీ లేదు.

మందుల విషయంలో మాత్రం మేము అంత ధైర్యం చెప్పలేము. షెన్‌ను శాంతపరచడానికి పూర్వం వాడిన కొన్ని మాత్రలలో ఇంగిలీకం ఉండేది. అది పాదరసపు ఖనిజం. చాలా యోగాలలో కలిసే అతిమధురం ఎక్కువకాలం తీసుకుంటే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. బి.పి. ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆందోళనకు డాక్టరు రాసిన మాత్రలను వేరే వైద్యం మొదలుపెట్టామని ఒక్కసారిగా ఆపకూడదు.

మొదటిసారి దడ వచ్చినప్పుడు దానిని ఆందోళన అని మీకు మీరే నిర్ణయించుకోవద్దు. థైరాయిడ్ జబ్బులోనూ, రక్తహీనతలోనూ దడ వస్తుంది. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమటలు ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. పరీక్షల్లో ఏమీ లేదని తేలాక కూడా దడ తగ్గకపోతే మళ్ళీ రండి, "ఏమీ లేదన్నారు కదా" అని ఇంట్లో కూర్చోవద్దు. ఆందోళనకు కౌన్సెలింగు, మందులు ఉన్నాయి. రాలేనివారు ప్రభుత్వ టెలి మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వచ్చేటప్పుడు మీరు వాడుతున్న మూలికల పొడి, మాత్రల ప్యాకెట్టు ఏదైనా సరే సంచిలో వేసుకుని తీసుకురండి. ఎవరూ కోప్పడరు.