పాత వస్తువులను కొనుట

ఒకరు వాడి విడిచిన వస్తువును కొనుట సిగ్గుచేటని మన విద్యార్థులలో కొందఱు తలంతురు. ఈ తలంపు సరియైనదేనా యని విచారింతము.

అమెరికాలోని బోస్టను నగరమున ఎడ్గార్ హెల్మ్సు అను మెథడిస్టు బోధకుడు 1902వ సంవత్సరమున కలిగినవారి యిండ్లనుండి పాతబట్టలను, గృహోపకరణములను సేకరింప మొదలిడెను. వానిని ఊరక పంచిపెట్టక, పనిలేని బీదలకే వానిని బాగుచేయు పని కల్పించెను. బాగుపడిన వస్తువులను తక్కువ వెలకు అమ్మిరి. ఆ యుద్యమమే పిమ్మట గుడ్‌విల్ అను పేర ప్రసిద్ధమైనది.

ఇందు గమనింపదగినది యొకటి కలదు. అట్టి దుకాణమున కొనువాడు యాచకుడు కాడు. వెల యెంత స్వల్పమైనను, తన యక్కఱను తానే నిర్ణయించుకొని, చూచి, యేఱి కొనుచున్నాడు. ఆ వెలనుండియే మఱియొకనికి కూలి దొరకుచున్నది.

అయినను చౌకయని ప్రతిదానిని కొనరాదు. కావలసినవాని పట్టీని ఇంటివద్దనే వ్రాసుకొనవలెను. అక్కఱలేనిది రూపాయికి దొరికినను ప్రియమే. బట్టను వెలుతురునకు ఎదురుగా పట్టి చూచినచో పలుచబడిన చోట్లు, పురుగు కొట్టిన రంధ్రములు తెలియును. చంకలు, మెడపట్టీ, మోకాళ్లు ముందుగా అఱుగును. ఊడిన గుండీని కుట్టవచ్చును గాని, నేతయే చివికినచో కుట్టు నిలువదు. కొన్నదానిని ఉతికి, యెండలో ఆరవేసి, పిమ్మటనే ధరింపవలెను. పింగాణి పాత్రను వ్రేలితో తట్టినచో బీటలేనిది ఖంగున మ్రోగును. బీటగలది మొద్దుగా పలుకును.

హైదరాబాదునందలి ఆబిడ్స్ కాలిబాటలపై ఆదివారమున పాతపుస్తకములు వెదకు విద్యార్థులు పుటల సంఖ్యలను వరుసగా చూడవలెను. పాఠ్యపుస్తకమైనచో ముద్రణ సంవత్సరమును గూడ చూడవలెను, పాఠ్యక్రమము మాఱియుండవచ్చును.

తలిదండ్రులకు మేము విన్నవించునది యేమనగా: బాగుచేయ వీలుకాని చింకిగుడ్డలను ఇచ్చుట దానము గాదు. వానిని ఏఱి పాఱవేయు శ్రమయు వ్యయమును పుచ్చుకొన్నవారిమీద పడును. మనము మన బిడ్డలకు తొడుగుటకు సంకోచింపనిదానినే, ఉతికి మడిచి, యితరుల కియ్యవలెను.

ఇక విద్యార్థులారా, పాతపుస్తకముతో తరగతికి వచ్చిన తోటివానిని చూచి నవ్వకుడు. దాని మొదటి పుటలో ఒక పేరు కొట్టివేయబడి మఱియొక పేరు వ్రాయబడియుండవచ్చును. లోపలి పాఠము మాత్రము మీ పుస్తకమునందలిదే.